వంటింట్లో గ్యాస్ వాసన వస్తే మొదటి ఐదు నిమిషాల్లో ఏం చేయాలి? ఖరగ్‌పూర్, సాలువా తెలుగు కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు

తెల్లవారుజామున నాలుగున్నర, ఐదు గంటల సమయం. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉదయం షిఫ్టుకు వెళ్లేవారున్న ఇంట్లో అందరికంటే ముందు లేచేది వంట చేసే మనిషే. చలికాలమైతే రాత్రంతా తలుపులు, కిటికీలు బిగించి ఉంటాయి. నిద్రమత్తులో వంటింటి గుమ్మం దగ్గరకు రాగానే చేయి అలవాటుగా గోడ మీది స్విచ్ వైపు వెళుతుంది.

రాత్రి పాలు కాచాక పొయ్యి నాబ్ పూర్తిగా తిప్పకపోయినా, రబ్బరు ట్యూబు ఎక్కడో చిట్లినా ఆ గదిలో అప్పటికి కొన్ని గంటలుగా గ్యాస్ చేరుతూ ఉంటుంది. వంటగ్యాస్ ప్రమాదాల వార్తల్లో ‘లైటు వేయగానే’, ‘అగ్గిపుల్ల గీయగానే’ అనే మాటలు పదేపదే కనిపించడానికి కారణం ఇదే. గ్యాస్ లీకైనంత మాత్రాన అది దానంతటదే పేలదు. దాన్ని అంటించే నిప్పురవ్వ చాలాసార్లు ఆ ఇంట్లోవారి చేతి నుంచే వస్తుంది.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారు ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన ఊరు ఖరగ్‌పూర్. నింపురా, మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్ లాంటి రైల్వే కాలనీల్లో తెలుగు వీధి భాషగా వినిపిస్తుంది. ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ ప్రధాన కేంద్రం ఉన్న సాలువా ఈ పట్టణానికి శివారు. ఇక్కడి తెలుగువారి సంఖ్యను దృష్టిలో పెట్టుకునే పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. అయితే భాషకు హోదా వచ్చినంత మాత్రాన, ఆపద వేళ ఫోన్ ఎత్తే మనిషికి తెలుగు వస్తుందని అనుకోలేం. ఆ సంగతి కిందికి వెళ్లాక చూద్దాం. ముందు గ్యాస్ స్వభావం అర్థం కావాలి.

గ్యాస్ నేల మీదే ఎందుకు పరుచుకుంటుంది?

మనం ‘గ్యాస్ బండ’ అని పిలిచే 14.2 కిలోల సిలిండర్‌లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్ వాయువుల మిశ్రమం. ఒత్తిడితో ద్రవంగా మార్చి నింపుతారు. బయటికి వస్తే ఆ ద్రవం సుమారు 250 రెట్ల పరిమాణంలోకి వ్యాపిస్తుంది. ఇది గాలికంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. అందుకే పొగలా పైకి లేవదు, నీళ్లలా నేల మీద పారుతుంది. గడప దాటి పక్క గదిలోకి, మంచం కిందికి, స్నానాల గది తూములోకి చేరుతుంది.

గాలిలో దీని వాటా సుమారు 2 నుంచి 9 శాతం మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది. అంతకంటే తక్కువైతే మండదు, ఎక్కువైనా మండదు. ఇది విని ధైర్యపడాల్సిన పని లేదు. ఎందుకో చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది.

పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు ఉన్న వంటిల్లు తీసుకుందాం. గది మొత్తంలో గ్యాస్ సమంగా కలిసిందనుకుంటే 2 శాతానికి చేరడానికి దాదాపు 950 గ్రాములు కావాలి. కానీ గ్యాస్ సమంగా కలవదు. నేల నుంచి అడుగున్నర ఎత్తులోనే ఉండిపోతే సుమారు 150 గ్రాములు చాలు. పెద్ద బర్నర్‌ను వెలిగించకుండా పూర్తిగా తెరిచి వదిలేస్తే గంటలో బయటికి వచ్చేది దాదాపు అంతే. అంటే నిలబడిన మనిషి ముక్కుకు వాసన ఇంకా పలచగానే ఉన్నా, కాళ్ల దగ్గర మాత్రం అంటుకునే స్థాయికి చేరిపోయి ఉండొచ్చు. ఫ్రిజ్ కంప్రెసర్ ఉండేదీ, పీట మీద పూజాదీపం ఉండేదీ ఆ ఎత్తులోనే.

గ్యాస్ నేలబారుగా ఎంత దూరం వెళ్లగలదో విశాఖ వాసులకు బాగా తెలుసు. 1997 సెప్టెంబరు 14 ఉదయం హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో లీకైన ఎల్‌పీజీ మేఘంలా పరుచుకుని, నిప్పు తగిలి అంటుకుంది. దాదాపు 60 మంది చనిపోయారు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను నుంచి లీకైన గ్యాస్ 20 మందికి పైగా ప్రాణాలు తీసింది. తెల్లవారుతుండగా దగ్గర్లో పొయ్యి వెలిగించడంతో మంటలు లేచాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఆ గ్యాస్ వేరు, అక్కడి పరిమాణం వేరు. కానీ రెండు చోట్లా సమయం ఉదయమే. గాలి కదలని వేళ, మనుషులు పొయ్యిలు వెలిగించే వేళ.

వాసనను ఎంతవరకు నమ్మొచ్చు?

ఎల్‌పీజీకి సహజంగా చెప్పుకోదగ్గ వాసన ఉండదు. కుళ్లిన క్యాబేజీలాంటి ఆ ఘాటు ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే రసాయనానిది. లీకు తెలియడం కోసమే కలుపుతారు. దీని వెనుక ఒక విషాదం ఉంది. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సస్‌లో న్యూ లండన్ పాఠశాల కింద వాసన లేని సహజవాయువు పోగై పేలడంతో దాదాపు 300 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది పిల్లలు. ఆ తర్వాతే గ్యాస్‌కు వాసన కలపడం చట్టాల్లోకి వచ్చింది.

అంటుకునే స్థాయిలో ఐదో వంతు ఉన్నప్పుడే వాసన తెలిసేలా కలపాలన్నది నియమం. అయితే ముక్కుకూ పరిమితులున్నాయి. కొన్ని నిమిషాలు అదే వాసనలో ఉంటే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది, వాసన తగ్గిందనిపిస్తుంది. నిజానికి తగ్గింది గ్యాస్ కాకపోవచ్చు. జలుబు చేసినవారికి, వయసు మళ్లినవారికి, కోవిడ్ తర్వాత వాసన శక్తి కోల్పోయినవారికి అసలు తెలియకపోవచ్చు. అందుకే కిటికీలు తెరిచి కాసేపు ఆగాక ‘పోయింది’ అని తేల్చాల్సింది ఇంట్లో ఉన్నవాళ్లు కాదు. బయటి గాలిలో కాసేపు ఉండి వచ్చిన పక్కింటి మనిషి గుమ్మంలో నిలబడి చూసి చెప్పాలి.

వాసన రాగానే ఏం చేయాలి?

మొదటి పని ఒక పని చేయకపోవడం. స్విచ్ ముట్టుకోవద్దు. వేసి ఉన్న లైటును ఆపడం కూడా వేయడంతో సమానమే, రెండింటిలోనూ స్విచ్ లోపల చిన్న రవ్వ పుడుతుంది. గ్యాస్ బయటికి పోతుందని చాలామంది ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తారు. మంచి ఉద్దేశంతో చేసే పనుల్లో ఇంత ప్రమాదకరమైనది మరొకటి ఉండదేమో. కాలింగ్ బెల్ నొక్కొద్దు. ఫోన్ లోపల వాడొద్దు.

పొయ్యి వెలుగుతుంటే నాబ్ కట్టేయాలి. పూజాదీపం, అగరుబత్తి, దోమల చుట్ట ఉంటే ఆర్పేయాలి. ఇక రెగ్యులేటర్ నాబ్ ఆఫ్ చేయడం ముందా, తలుపులు తెరవడం ముందా అంటే, చేతికి ఏది దగ్గరగా ఉంటే అది ముందు. రెండింటి మధ్య కొన్ని క్షణాలే తేడా. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, పిల్లలను, పెద్దవాళ్లను ఆరుబయటికి పంపాలి.

గుమ్మంలోకి రాగానే ఘాటు కొట్టినా, బుస్సుమనే శబ్దం వినిపించినా, నేల మీద తెల్లని మంచులాంటిది కనిపించినా లోపలికి అడుగు పెట్టొద్దు. అది పెద్ద లీకు. అందరినీ లేపి బయటికి తీసుకెళ్లడం తప్ప ఇంట్లోవారు చేయాల్సింది ఏమీ లేదు.

చాలామంది మరిచిపోయేది ఫ్రిజ్‌ను. ఎవరూ ముట్టుకోకపోయినా అది తనంతట తాను ఆగి మళ్లీ మొదలవుతుంటుంది, అప్పుడు లోపల రవ్వ పుట్టొచ్చు. మెయిన్ స్విచ్ ఇంటి బయట, గ్యాస్ చేరని చోట ఉంటే కరెంటు అక్కడే ఆపేయాలి. ఇంటి లోపల ఉంటే దాని జోలికి వెళ్లొద్దు. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కుంది. బయట కరెంటు ఆపగానే లోపల ఇన్వర్టర్ అందుకుంటుంది, అందులోని రిలే కదిలినప్పుడు కూడా రవ్వ వస్తుంది. ఇన్వర్టర్ వంటింటి పక్కనే నేల మీద ఉంటే మెయిన్ ఆపకుండా బయటికి వెళ్లిపోవడమే మేలు.

రెగ్యులేటర్ కట్టాక కూడా లీకు ఆగలేదంటే తప్పు బండ వాల్వ్ దగ్గర ఉంది. గ్యాస్ ఎక్కువగా చేరకముందే గమనించి ఉంటే, నాబ్ ఆఫ్‌లోనే ఉంచి రెగ్యులేటర్‌ను తీసి, దారంతో వేలాడుతుండే ప్లాస్టిక్ సేఫ్టీ క్యాప్‌ను వాల్వ్ మీద గట్టిగా నొక్కాలి. చాలా లీకులు దీంతో ఆగిపోతాయి. చాలా ఇళ్లలో సమస్య ఏమిటంటే కొత్త బండ బిగించగానే ఆ క్యాప్‌ను ఎక్కడో పారేస్తారు, లేదా పిల్లలు ఆడుకుంటారు. అది బండతోనే ఉండాలి. తర్వాత బండను నిలువుగానే ఆరుబయటికి చేర్చాలి. పడుకోబెట్టి దొర్లిస్తే వాయువుకు బదులు ద్రవమే బయటికి చిమ్ముతుంది. మురుగు కాలువ పక్కన పెట్టినా ప్రమాదమే. గ్యాస్ తూముల గుండా ఇంకో ఇంట్లో తేలుతుంది.

ఎవరికి ఫోన్ చేయాలి, ఏమని చెప్పాలి?

గ్యాస్ లీకులకు దేశమంతటా 24 గంటలూ పనిచేసే అత్యవసర నంబరు 1906. 2016 జనవరిలో మొదలైంది. ఏ కంపెనీ బండైనా ఇదే. మంట లేస్తే అగ్నిమాపక దళానికి 101, లేదా 112. ఫోన్ ఇంటికి దూరంగా వెళ్లాకే చేయాలి.

ఖరగ్‌పూర్‌లో పుట్టిపెరిగిన తెలుగువారికి హిందీ, బెంగాలీ మాట్లాడటం సమస్య కాదు. కానీ ఊరి నుంచి కొడుకు ఇంటికి వచ్చిన తల్లి, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు పగటిపూట ఇంట్లో ఒంటరిగా ఉంటారు. కాబట్టి రెండు మూడు వాక్యాలు ముందే తెలిసి ఉండాలి. హిందీలో ‘ఘర్ మే గ్యాస్ లీక్ హో రహా హై’ అంటే చాలు. బెంగాలీలో ‘బారీతే గ్యాస్ లీక్ హొచ్ఛే’. చుట్టుపక్కల వారిని హెచ్చరించడానికి హిందీలో ‘మాచిస్ మత్ జలాయియే, స్విచ్ మత్ ఛూయియే’, బెంగాలీలో ‘ఆగున్ జ్వాలాబేన్ నా, సుయిచే హాత్ దేబేన్ నా’. పక్క వాటాలో బెంగాలీ కుటుంబమో, సాలువాలో అయితే నేపాలీ మాట్లాడే కుటుంబమో ఉండొచ్చు. సంగతి తెలియక వారు స్విచ్ వేసినా నష్టం అందరిదీ. క్వార్టర్ నంబరు, వీధి పేరు, గ్యాస్ ఏజెన్సీ ఫోన్ నంబరు, కన్స్యూమర్ నంబరు ఒక కాగితం మీద రాసి వీధి తలుపు వెనుక అతికించి ఉంచితే కంగారులో వెతుక్కునే పని ఉండదు.

మంట లేస్తే?

బర్నర్ దగ్గరో ట్యూబు చివరో చిన్న మంట ఉంటే, చేయి అందే పరిస్థితి ఉంటే, రెగ్యులేటర్ కట్టేయాలి. గ్యాస్ ఆగితే మంట దానంతటదే ఆరిపోతుంది. తడిపిన మందపాటి నూలు దుప్పటిని చేతికి అడ్డుగా పట్టుకోవచ్చు. అయితే గ్యాస్ సరఫరా ఆపే వీలు లేనప్పుడు మంటను మాత్రం ఆర్పొద్దు. వినడానికి వింతగా ఉన్నా అగ్నిమాపక సిబ్బంది పాటించే సూత్రమే ఇది. మండుతున్న గ్యాస్ కళ్లకు కనిపిస్తుంది. మంట ఆరిపోయి గ్యాస్ మాత్రం వస్తూనే ఉంటే గది నిండా చేరి, మరో రవ్వ కోసం ఎదురుచూస్తుంది.

మంటలు బండను చుట్టుముట్టి వేడెక్కిస్తుంటే నిమిషం కూడా ఆగొద్దు. లోపలి ద్రవం మరిగి ఒత్తిడి పెరిగి బండ పగిలే ప్రమాదం ఉంటుంది. బీరువాలో బంగారం కోసం, సర్టిఫికెట్ల కోసం వెనక్కి వెళ్లొద్దు.

ఒంటికి మంట అంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద దొర్లాలి. కాలిన చోట మామూలు కుళాయి నీళ్లు 20 నిమిషాల పాటు ధారగా పడనివ్వాలి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయాలి. అంటుకుపోయిన బట్టను లాగొద్దు. టూత్‌పేస్టు, పసుపు, సిరా, కాఫీ పొడి ఏవీ రాయొద్దు. డాక్టర్లు గాయాన్ని చూడటానికి ముందు వాటిని కడగాల్సి వస్తుంది, ఆ నొప్పి భరించేది కాలినవారే. ఐసు కూడా పెట్టొద్దు. ఖరగ్‌పూర్‌లో రైల్వే ఆసుపత్రి, సబ్‌డివిజనల్ ఆసుపత్రి ఉన్నాయి. మెడికల్ కాలేజీ మేదినీపూర్‌లో ఉంది.

లీకు రాకుండా ఉండాలంటే

బండ ఇంటికి తెచ్చినప్పుడే సగం పని అయిపోవాలి. సీలు తీసి, వాల్వ్ లోపల నల్లని రబ్బరు వాషర్ ఉందో లేదో చూడాలి. అది లేకపోయినా, చిట్లినా రెగ్యులేటర్ ఎంత బిగించినా లీకవుతుంది. వాల్వ్ మీద రెండు చుక్కల నీళ్లు వేసి బుడగలు వస్తున్నాయేమో చూసి చెప్పమని తెచ్చిన కుర్రాడినే అడగొచ్చు. అది అతని పనిలో భాగమే, మొహమాటపడక్కర్లేదు.

బండ పైభాగంలో పిడికి ఆనుకుని ఉన్న పట్టీల మీద లోపలి వైపు ఒక అక్షరం, ఒక అంకె రాసి ఉంటాయి. ‘ఎ’ అంటే జనవరి నుంచి మార్చి, ‘బి’ ఏప్రిల్ నుంచి జూన్, ‘సి’ జులై నుంచి సెప్టెంబరు, ‘డి’ అక్టోబరు నుంచి డిసెంబరు. పక్కనున్నది సంవత్సరం. ఆ గడువులోగా బండను మళ్లీ పరీక్షకు పంపాలి. గడువు దాటిన బండ వస్తే తీసుకోకుండా తిప్పి పంపొచ్చు.

ఇంట్లో ఎక్కువగా దెబ్బతినేది రబ్బరు ట్యూబు. లోపల సన్నని ఉక్కు తీగ అల్లికతో నారింజ రంగులో ఉండే సురక్ష ట్యూబునే వాడాలి, ఐదేళ్లకోసారి మార్చాలి. మధ్యలో అతుకులు ఉండకూడదు, గోడకు రంధ్రం చేసి అవతలికి లాగకూడదు. పాత ఇళ్లలో ఎలుకలు కొరుకుతాయి కాబట్టి నెలకోసారి ట్యూబు పొడవునా సబ్బు నురగ రాసి చూడాలి. బుడగ లేచిన చోటే లీకు. అగ్గిపుల్ల గీసి లీకు వెతికే పద్ధతి ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. అది పూర్తిగా మానాలి.

పొయ్యి ఎప్పుడూ బండకంటే ఎత్తులో ఉండాలి. గాలి ఆడని అలమారాలో బండను బిగించకూడదు. బొగ్గు లేదా గుల్ వేసి వెలిగించే ఉనున్ ఇంకా వాడే ఇళ్లలో దాన్ని, గ్యాస్ బండను ఒకే గదిలో పెట్టొద్దు. రాత్రి పడుకునే ముందు పొయ్యి నాబ్‌తో ఆపేయకుండా రెగ్యులేటర్ కూడా కట్టేస్తే, తెల్లవారుజామున ట్యూబు చిట్లినా గదిలో చేరేది ట్యూబులో మిగిలిన కొద్దిపాటి గ్యాసే. ఈ ఒక్క అలవాటుకు పైసా ఖర్చు లేదు. బహుశా అందుకే ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

చలికాలంలో గ్యాస్ గీజర్ వాడేవారు మరో విషయం గుర్తుంచుకోవాలి. మూసిన స్నానాల గదిలో గ్యాస్ సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, కలిపేవారూ లేరు. తలనొప్పి, తల తిరగడం అనిపించేలోపే మనిషి స్పృహ తప్పొచ్చు. గీజర్‌ను స్నానాల గది బయటే అమర్చాలి.

రైల్లో బండ వద్దు

ఖరగ్‌పూర్ నుంచి పలాస, శ్రీకాకుళం రోడ్, విజయనగరం వైపు పండగలకు, పెళ్లిళ్లకు వెళ్లే కుటుంబాలు చాలా ఉన్నాయి. కాపురం మార్చేటప్పుడు చిన్న బండనైనా సామానుతో పాటు రైలెక్కించడం నేరం. రైల్వే చట్టం 1989లోని 164వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న పర్యాటక బోగీలో మంటలు లేచి 9 మంది చనిపోయారు. టీ కాచుకోవడానికి రహస్యంగా తెచ్చిన గ్యాస్ సిలిండరే కారణమని రైల్వే తెలిపింది. ఊరు మారేవారు పాత ఏజెన్సీలో బండను అప్పగించి కాగితాలు తీసుకుని, కొత్త ఊళ్లో మళ్లీ కనెక్షన్ పొందొచ్చు.

బీమా సంగతి

ప్రతి వినియోగదారుకూ చమురు కంపెనీలు ప్రమాద బీమా కల్పిస్తాయి. ప్రత్యేకంగా ప్రీమియం కట్టక్కర్లేదు. మరణానికి మనిషికి 6 లక్షల రూపాయల వరకు, వైద్యానికి మనిషికి గరిష్ఠంగా 2 లక్షలు, ఆస్తి నష్టానికి 2 లక్షల వరకు పరిహారం ఉంటుంది. ప్రమాదం జరిగిన వెంటనే ఏజెన్సీకి రాతపూర్వకంగా తెలపాలి. పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదు నకలు, ఆసుపత్రి బిల్లులు దాచుకోవాలి.

ఇక్కడ చాలామంది ఇరుక్కునే చోటు చిరునామా. ఆస్తి నష్టం పరిహారం కనెక్షన్ నమోదైన చిరునామాకే వర్తిస్తుంది. రిటైరయ్యాక రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి సాలువా వైపు అద్దె ఇంట్లోకి మారిన కుటుంబం గ్యాస్ పుస్తకంలో ఇంకా పాత క్వార్టర్ నంబరే ఉంచుకుంటే, కొత్త ఇంట్లో జరిగిన నష్టానికి డబ్బు రాకపోవచ్చు. చిరునామా మార్చుకోవడానికి గ్యాస్ పుస్తకం, కొత్త ఇంటి చిరునామా రుజువు తీసుకుని ఏజెన్సీకి వెళ్తే సరిపోతుంది.